గద్దె కింద గడి

మా సంస్థకు యాభై ఏళ్లు నిండాయని ఒక సంచిక వేశారు. నాకు పంపలేదు. పంజాగుట్టలో ఒక జిరాక్సు కొట్టులో, కౌంటరు మీద ఎవరో మర్చిపోయిన కాపీ కనిపిస్తే అక్కడే నిలబడి చదివాను. అందులో తోటమాలి ఫొటో ఉంది. పాత అంబాసిడర్ కారు ఫొటో ఉంది. మేం పనిచేసిన నేలకింది గది గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: “నేలమాళిగలోని పాత ప్రయోగశాలను తొలగించి, ఆ స్థలాన్ని ఆధునిక అవసరాలకు అనువుగా తీర్చిదిద్దడమైనది.” పక్కన అరచెయ్యంత ఫొటో. తెల్ల దుస్తులు వేసుకున్న ఆరుగురు నవ్వుతూ నిలబడ్డారు. ఎడమ అంచున సగానికి కోసేసిన ఒక మోచెయ్యి కనిపిస్తుంది. అది నాది.

ఆ గదిలో ఇరవై మూడేళ్లు పనిచేశాను. అది మూసే ముందుగానీ, మూసిన తర్వాతగానీ, నీకేమైనా తెలుసా అని నన్ను అడిగినవాడు లేడు. అడగకపోతే నేనే చెబుతానని తొమ్మిది ఉత్తరాలు రాశాను. తొమ్మిదింటికీ ముట్టినట్టు ముద్ర వేయించుకున్న కాపీలు నా దగ్గర ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకని ఈసారి ఉత్తరం రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు వచ్చే రోడ్డుకు లోపలగా, ఒక సందులో ఉంటుంది ఆ భవనం. పైన మూడంతస్తుల్లో పాఠాలు, గ్రంథాలయం, ఆఫీసు. ఇరవై రెండు మెట్లు కిందికి దిగితే మా గది. రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే కిరణాలను కొలిచే చోటు అది. బయటి కిరణాలు లోపలికి రాకుండా, లోపలివి బయటికి పోకుండా చెయ్యి పొడవు మందాన కాంక్రీటు గోడలు కట్టారు. నేలలో మూడు గుంటలు, ఒక్కో గుంటలో ఒక సీసపు కుండ, ఆ కుండలో బొటనవేలంత కూడా లేని పదార్థం. పైవాళ్లు ఆ గదికి పెద్ద పేరు పెట్టుకున్నారు. మేం గుంత అనేవాళ్లం. “గుంతలోకి పోతున్నా” అని చెప్పి, చొక్కా జేబుకు ఫిల్ము బిళ్ల తగిలించుకుని దిగేవాళ్లం. మా ఒంటికి ఎంత తగిలిందో ఆ బిళ్ల చెబుతుంది. మూడు నెలలకోసారి బిళ్లలు తీసుకెళ్లేవాళ్లు. అవి ఏం చెప్పాయో మాకు చెప్పేవాళ్లు కాదు.

మేం అంటే ఇద్దరం. నేను, నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన సీనియర్ టెక్నీషియన్. ఆయన్ని సంస్థ మొత్తం భాయ్ అని పిలిచేది. ఎర్రమంజిల్ వెనక సందుల్లో ఇల్లు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నేను కోస్తా నుంచి వచ్చి మధురానగర్‌లో అద్దెకుండేవాణ్ణి. నా గారూలు, అండీలు విని భాయ్ నవ్వేవాడు. “నువ్వు మీటర్‌ను సుత గారూ అంటవ్” అనేవాడు. గుంతలో ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. రంజాన్ నెలలో భాయ్, “గీ నెల నాకు గుంతల, బయట ఒకటే కానూన్” అని నవ్వుతూ మెట్లు దిగేవాడు.

పని నేర్పింది భాయే. మీటరు ఎలా పట్టుకోవాలో, ముల్లు చూడకుండా చప్పుడు విని ఎంతుందో ఎలా చెప్పాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గుంతలో ఏ మూల పెట్టినా ముల్లు పదకొండు దగ్గర ఆడేది; అక్కడ అది మామూలు అంకె. పొయ్యి మీంచి దించిన పెనం చల్లారుతూ చేసే చప్పుడులా ఉండేది మీటరు మోత. టక్కు. కాసేపు ఏమీ లేదు. టక్కు, టక్కు. మళ్లీ ఏమీ లేదు. ఆ ఖాళీలను వినడం అలవాటైపోయింది. ఇప్పటికీ ఆటో మలుపు తిరిగేటప్పుడు లైటు కొట్టుకునే చప్పుడు వింటే లెక్కపెడతాను. ఫ్యాను వదులై టకటకమంటే వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, “ఏంటి అలా వింటున్నారు?” అంటుంది. ఏమీ లేదంటాను.

నేను చేరిన ఆరో ఏడు సీసా పగిలింది. నా చేతిలోంచే జారింది. ఇది నేనెప్పుడూ దాచలేదు. దాచమన్నది వేరేవాళ్లు.

వేలెడంత గాజు సీసా, అందులో సీజియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన ద్రావణం. పొడుగు పట్టకారుతో ఎత్తి ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలో పెట్టాలి. పట్టకారు కొసకు ఉన్న రబ్బరు అరిగిపోయిందనీ, కొత్తది కావాలనీ అంతకు రెండు నెలల ముందే రాసిచ్చాను. ఆ కాగితం కాపీ కూడా ఉంది నా దగ్గర. సీసా జారి పళ్లెం అంచుకు తగిలి పగిలింది. కొంత పళ్లెంలో పడింది, మిగతాది నేలమీద. మీటరు వాన పడుతున్న రేకుల కప్పులా మోగింది.

భాయ్ నన్ను వెనక్కి లాగి తలుపు దగ్గర నిలబెట్టాడు. తనే మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. తడి కాగితం, మళ్లీ తడి కాగితం, మళ్లీ. చప్పుడు తగ్గుతూ వచ్చి ఒక దగ్గర ఆగింది. ఆ తర్వాత ఎంత తుడిచినా తగ్గలేదు. ముల్లు మూడు వందల మీద నిలబడింది.

“తాగేసింది” అన్నాడు భాయ్. “సిమెంట్ తాగేసింది. ఇగ రాదు.”

సీజియం సగం కావడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. ఆ లెక్క మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పైకి పోయి మా ఇన్‌ఛార్జి గారికి చెప్పాం. గుంతకు బాధ్యుడైన ప్రొఫెసర్ ఆయన.

“వచ్చే వారం తనిఖీ ఉంది” అన్నారు. “పుస్తకంలో రాయకండి. మచ్చ మీద సిమెంటు వేసెయ్యండి. తనిఖీ అయ్యాక చూద్దాం.”

“అక్కడ ఎవరూ నిలబడకుండా గుర్తు పెట్టాలి కదండీ” అన్నాను.

“గుర్తు పెడితే ఎందుకు పెట్టావని అడుగుతారయ్యా.”

ఆ మాట నా వైపు చూసి అనలేదు. పెన్ను మూత వెతుక్కుంటూ అన్నారు. మూత దొరికింది. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా సందు మలుపులో ఒక పొడుగాటి గోడ ఉండేది. అమీర్‌పేటకు వచ్చేపోయే వాళ్లంతా దాని మీదే పోసేవాళ్లు. వద్దని రాశారు, తిట్టి రాశారు, జరిమానా అని రాశారు. గోడ తడి ఆరలేదు. చివరికి అన్ని మతాల దేవుళ్ల బొమ్మలున్న పలకలు వరుసగా అతికించారు. వారంలో ఎండిపోయింది. సీసా పగిలిన మర్నాడు పొద్దున భాయ్ చంకలో కాగితం చుట్టిన పటంతో వచ్చాడు. అమీర్‌పేటలో పటాలు కట్టే కొట్లో కొన్నాడట. సరస్వతీదేవి.

“ఏంటి భాయ్ ఇది?”

“గోడ జూశినవ్ గదా. రాస్తే ఎవడన్న ఆగిండా? అమ్మను పెడితే ఎవడూ కాలు పెట్టడు. గుర్తు వెట్టొద్దన్నడు గని, దేవుణ్ణి పెట్టొద్దనలే. సదువుకున్నోళ్ల జాగ గదా, సదువులమ్మనే తెచ్చిన.”

“మీరు తేవడం ఏంటి భాయ్, నాతో చెబితే నేను తెచ్చేవాణ్ణి కదా.”

“పారబోసింది నువ్వు, తుడిశింది నేను. తెచ్చుడు సుత నేనే తెస్త. నువ్వు పూలు వెట్టు, చాలు.”

మచ్చ మీద సీసం రేకు పరిచాం. దాని మీద సిమెంటు, సిమెంటు మీద నాలుగు వరుసల ఇటుకలతో గద్దె. పటాన్ని గోడకు ఆనించి పెట్టాం. భాయ్ గద్దె మీద మీటరు పెట్టి కళ్లు మూసుకుని విన్నాడు. పదకొండుకు కాస్త పైన. “గిది చాలు” అన్నాడు. తర్వాతి వారం తనిఖీవాళ్లు వచ్చారు, అమ్మవారికి దండం పెట్టుకున్నారు, పోయారు. తనిఖీ అయ్యాక చూద్దామన్న ఇన్‌ఛార్జి గారు మళ్లీ చూడలేదు. మూడుసార్లు గుర్తు చేశాను. మూడోసారి “నీ పని నువ్వు చూసుకో” అన్నారు.

అలా పదిహేడేళ్లు గడిచాయి. రోజూ పూలు పెట్టేవాణ్ణి. దసరాకు సీసపు ఇటుకలకూ మీటర్లకూ బొట్లు పెట్టి, అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లం. కొబ్బరి మాత్రం మెట్లెక్కి పైకి వచ్చాకే తినేవాళ్లం. భాయ్ ఎప్పుడూ గద్దె ముందు నుంచి అడ్డంగా నడవలేదు. ఎంత పని తొందరున్నా చుట్టూ తిరిగి పోయేవాడు. ఆ సాయిబుకు అమ్మవారంటే ఎంత భక్తో చూడండి అని విద్యార్థులు చెప్పుకునేవాళ్లు. దూరం నుంచి చూసేవాళ్లకు భయమూ భక్తీ ఒకలాగే నడుస్తాయి.

ఆ పదిహేడేళ్ల చివర్లో మా చుట్టూ ఊరే మారిపోయింది. అమీర్‌పేటలో ప్రతి షట్టరు వెనకా, ప్రతి మెట్ల కిందా కంప్యూటరు కోర్సులు వెలిశాయి. స్తంభాలకు, చెట్లకు, ఆగి ఉన్న బస్సుల వెనక జావా, టెస్టింగ్, డాట్ నెట్ అని కాగితాలు అతికించేవాళ్లు. మధురానగర్‌లో మా ఇంటి పక్క రెండిళ్లూ హాస్టళ్లయ్యాయి. కిటికీ లేని గది అయినా సరే, ఏసీ బిగించి వంద కుర్చీలు వేస్తే నిండేది. అప్పుడు మా పైవాళ్ల కళ్లు గుంత మీద పడ్డాయి. చల్లగా ఉంటుంది, రోడ్డు చప్పుడు రాదు, ఎవరూ పెద్దగా వాడటం లేదు. లోపలి పదార్థాలు పంపించేసి, గది శుభ్రం చేసి, కోర్సులు చెప్పేవాళ్లకు అద్దెకివ్వాలని తీర్మానించారు. భాయ్ అప్పటికి రిటైరై రెండేళ్లయింది.

గది విప్పడానికి వేరే ఊరి నుంచి బృందం వచ్చింది. వాళ్లు పని తెలిసినవాళ్లే, అది ఒప్పుకోవాలి. సీసపు కుండలను గొలుసులతో పైకి లాగి లారీకి ఎక్కించారు. ఇటుకలను ఒక్కొక్కటే మీటరుతో చూసి రెండు కుప్పలు పెట్టారు. గుంటల లోపలి సిమెంటును చెక్కి, ఆ పొడిని డ్రమ్ములకెత్తి మూతలు బిగించారు. ఐదు వారాలు పట్టింది. ఏ బల్ల కింద ఏముందో, ఏ డ్రాయరు తాళం విరిగి ఉందో నాకు తెలుసు. వాళ్లు ప్లాను చూసుకునేవాళ్లు. నేను దగ్గరికి వెళితే “కొంచెం పక్కకు జరగండి” అనేవాళ్లు. ఇరవై మూడేళ్లు ఉన్న గదిలో పక్క ఎక్కడుంటుందో నాకు తోచేది కాదు.

సామాను పోయేకొద్దీ గది పెద్దదైంది. మాట్లాడితే మాట తిరిగొచ్చి చెవిలో పడేది. చివరకు ఏమీ లేని ఆ గదిలో అమ్మవారు ఒక్కతే మిగిలింది. పొద్దున పూలు పెట్టడానికి వంగినప్పుడు, మీటరు లేకుండానే ఆ చప్పుడు నాకు వినిపించేది.

ఆఖరి రోజు నేలంతా సుద్దతో గజం చొప్పున గడులు గీశారు. నూట పన్నెండు గడులు. ప్రతి గడిలో ఒక నిమిషం మీటరు పెట్టాలి, వచ్చిన అంకె సుద్దతో గడిలో వేయాలి, దాన్ని పట్టికలో ఎక్కించాలి. ఎక్కించే పని నాకిచ్చారు. ఆ పొద్దున అందరికీ కొత్త తెల్ల దుస్తులు, కాళ్లకు తొడుగులు పంచారు. ఆరు జతలే వచ్చాయట. నేను ఏడోవాణ్ణి. “మీరు గీత బయట నిలబడి రాసుకుంటే చాలండీ” అన్నారు ఇన్‌ఛార్జి గారు. బయటివాళ్ల ముందు కాబట్టి మీరు అన్నారు.

ఇది చిన్న విషయమని మీకనిపించవచ్చు. ఆ చిన్న విషయమే నా నోరు కట్టేసింది. అడిగితే చెబుదాం, అడగనివాళ్లకు నేనెందుకు చెప్పాలి అని ఆ గీత బయట నిలబడి నిర్ణయించుకున్నాను.

బృందం తరఫున కొలిచిన అధికారిణి శ్రద్ధ గల మనిషి. వాచీ చూసుకుంటూ ప్రతి గడికీ నిండా నిమిషం ఇచ్చింది. భోజనాలయ్యాక ఏడో వరుసలో నాలుగో గడికి వచ్చింది. ఆ గడి మీదే గద్దె, పటం, నేను పొద్దున పెట్టిన చామంతులు. ఆమె మీటరు కింద పెట్టి, కాళ్ల తొడుగులు విప్పి నమస్కారం చేసుకుంది.

“ఇది తీయాలి కదా సార్?” అంది.

“అమ్మవారండీ. పదిహేడేళ్లుగా పూజలో ఉంది” అన్నారు ఇన్‌ఛార్జి గారు. “మంచిరోజు చూడకుండా కదిపితే బాగోదు. పైగా ఇందులోకి వచ్చేవాళ్లూ చదువు చెప్పేవాళ్లే. అమ్మవారిని ఉంచమని వాళ్లే అడిగారు.”

“పోనీ, గద్దె మీద పెట్టి చూడనా?”

“అందరూ తొక్కిన నేల మీద పొద్దుట్నుంచి పెడుతున్న మీటరు కదమ్మా అది. అమ్మవారి ముందు ఎలా పెడతాం?”

ఆమె నాలుక కరుచుకుంది. “అవును సార్. నాకు తోచలేదు.”

నా పెన్ను ఆగింది. “ఇక్కడ ఏం వేయమంటారండీ?” అన్నాను.

ఇన్‌ఛార్జి గారు నా వైపు చూశారు. ఇరవై మూడేళ్లలో ఆయన నా కళ్లలోకి సూటిగా చూడటం అదే మొదలు. ఆయనకు గుర్తుంది. నాకు గుర్తుందని కూడా ఆయనకు తెలుసు.

“పక్క గడిలో ఎంత?”

“పదకొండు.”

“అదే వెయ్యండి. గజం దూరంలో మారేదేముంటుంది?”

వేశాను. నా చేత్తోనే, కుదురైన అక్షరాలతో. ఇక్కడ ఎప్పుడైనా ఏమైనా ఒలికిందా అని ఆమె ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. తర్వాతి గడికి పోయాం. పని అయ్యాక ఫొటో దిగారు. టీలు వచ్చాయి. అవీ ఆరే.

టీలు అయిపోగానే మెట్ల దగ్గర ఇన్‌ఛార్జి గారిని ఆపాను. “ఆ గడి కొలవాలండీ. మీకు తెలుసు కదా” అన్నాను. “రాసివ్వు” అన్నారు. మర్నాడే రాసిచ్చాను. అదే మొదటి ఉత్తరం.

పది రోజుల తర్వాత భాయ్‌ని చూడ్డానికి వెళ్లాను. అప్పటికే ఆయాసంతో మంచం దిగడం లేదు. ఆయన జబ్బుకూ గుంతకూ సంబంధం ఉందని నేను అనను. ఉందో లేదో చెప్పగలిగినవి ఆ ఫిల్ము బిళ్లలు. మా ఇద్దరి లెక్కా చూపించమని తర్వాత అడిగాను. అది మూడో ఉత్తరం. భాయ్ ఇంటావిడ కుర్చీ వేసి, టీ ఇచ్చి లోపలికి పోయింది. భాయ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

“గుంత ఖాళీ జేశిన్రంట?”

“చేశారు భాయ్.”

“అమ్మను తీశిన్రా?”

టీ గ్లాసు కింద పెట్టాను. ఆయన ఛాతీ ఎగసిపడటం చొక్కా మీంచి కనిపిస్తోంది.

“తీశారు భాయ్.”

“కింద చెక్కిన్రా?”

“చెక్కారు. పొడి డ్రమ్ములో వేసుకుని పోయారు.”

“మళ్ల మీటర్ వెట్టిన్రా? ఎంతొచ్చింది?”

“పదకొండు.”

భాయ్ కళ్లు మూసుకున్నాడు. గద్దె మీద మీటరు పెట్టి విన్న రోజులాగే ఆ అంకెను విన్నాడు. “అల్లాకు శుకర్” అన్నాడు. “గన్నేండ్లు నెత్తిమీదుండె గది. రిటైరైనంక సుత నిద్దర్ల మెట్లు దిగుతుంటి. ఇగ ఫికర్ లేదు.” కాసేపు ఊపిరి తీసుకుని, “పూలు బందువెట్టకు. పాపం ఆమెతోని మస్తు పని జేపిచ్చినం” అన్నాడు.

లేచి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. నమ్మి నొక్కాడో, నా అబద్ధం తెలిసి ఫరవాలేదని నొక్కాడో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. మూడు వారాలు తిరక్కుండా పోయాడు. తల మీద చేతిరుమాలు కట్టుకుని నేనూ వెంట నడిచాను. గోతిలో పరిచిన బండల మీద అందరూ గుప్పెడు గుప్పెడు మట్టి వేస్తుంటే, చిన్న పెళ్లలు పడిన చప్పుడు విన్నాను. టక్కు. కాసేపు ఏమీ లేదు. టక్కు, టక్కు.

ఆరు నెలలకు గుంత మీద బోర్డు లేచింది. నన్ను పై అంతస్తులో గ్రంథాలయానికి మార్చారు, ఆ పక్క ఏడు రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పక్క గేటులోంచి వచ్చి పక్క గేటులోంచి పోయేవాణ్ణి. కిందికి దిగలేదు. పూలు కూడా పెట్టలేదు. రిటైరయ్యాక ఒకరోజు, ఇక ఆగలేక దిగాను.

అవే ఇరవై రెండు మెట్లు. వాటికి కొత్త పలకలు వేశారు. లోపల చల్లగా ఉంది, ఎప్పుడూ ఉండేదే. కుర్చీల నిండా కుర్రకారు. కౌంటరు దగ్గరి అమ్మాయి, “మీ అబ్బాయికా అంకుల్, అమ్మాయికా? డెమో క్లాసు ఫ్రీ” అంది. కాదమ్మా, అమ్మవారిని చూసిపోదామని వచ్చానన్నాను. ఆమెకు అదేమీ వింతగా తోచలేదు. “చెప్పులు అక్కడ విప్పండి” అని చూపించింది.

అదే పటం. కొత్త ఫ్రేము, చుట్టూ రంగు బల్బులు. ఇటుకల గద్దె లేదు. దాని చోట నేలకు రెండంగుళాల ఎత్తున నల్లటి గ్రానైటు పలక, ఇద్దరు నిలబడేంత వెడల్పున ఉంది. దాని మీద వట్టి కాళ్లతో పిల్లలు నిలబడి ఉన్నారు. వెనక ఇంకో పదిమంది వరుసలో ఉన్నారు. ఇంటర్వ్యూలకు పోయే ముందు కాగితాల నాలుగు మూలలకూ పసుపు రాసి, అమ్మవారి పాదాల దగ్గర పెట్టి మొక్కుకోవడం అక్కడ అలవాటట. ఒకమ్మాయి కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. నేను నిమిషాలు లెక్కపెట్టాను. నాలుగు దాటాక లెక్క తప్పింది.

ఎవరూ కాలు పెట్టకూడదని భాయ్ పెట్టిన అమ్మ దగ్గర అందరూ కాళ్లు పెడుతున్నారు.

ఆ కోర్సులు నడిపే ఆయన గాజు గదిలో ఉన్నాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు. “ఇటుకల గద్దె ఏమైందండీ?” అని అడిగాను.

“గా గద్దెనా? మస్తు ఎత్తుండె అంకుల్. పిల్లలకు తట్టుతుండె. మేస్త్రీలు చెక్కి సాపు జేశిన్రు. కింద సీసం రేకు సుత ఎల్లింది, పాత సామాన్లోనికి వేశిన్రు.”

“చెక్కిన పొడి?”

“ఊడ్శిన్రు. ఎందుకు?”

అంతా చెప్పాను. సీసా దగ్గర్నుంచి మొదలుపెట్టి పట్టిక దాకా. ఆయన మధ్యలో ఆపకుండా విని, కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

“నిజం చెప్పు అంకుల్. ఎదురు బిల్డింగోళ్లు పంపిన్రా?”

“ఎవరూ పంపలేదు బాబూ. అక్కడ ఒక్క నిమిషం మీటరు పెట్టించండి.”

“మీటర్ వెట్టిస్తే ఏమంటరు? గీడ ఏదో ఉన్నదంటనే పుకారు వుడుతది. రేపు సగం బ్యాచ్ ఖాళీ.” గోడ వైపు చెయ్యి చూపించాడు. “గట్ల సూడు. సర్టిఫికెట్ ఉన్నది. నూట పన్నెండు గడులు, అన్ని కొలిచిన్రు. ఎవరు రాశిండో గని, టైపు కొట్టినట్టే ఉన్నది.”

అద్దంలో బిగించి పెట్టిన నా పట్టిక అది. ఏడో వరుస, నాలుగో గడి, పదకొండు. ఇన్నేళ్లలో నా దస్తూరిని నా ఎదుట మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే.

ఆ తర్వాతవే మిగతా ఉత్తరాలు. సంస్థకు, సంస్థ పైవాళ్లకు, ఆ పైవాళ్లకు. ఇన్‌ఛార్జి గారు కూడా ఇప్పుడు మధురానగర్‌లోనే ఉంటున్నారు. సంచిక చూసిన వారానికి కూరగాయల బండి దగ్గర ఎదురయ్యారు. బెండకాయల తొడిమలు విరిచి చూసుకుంటున్నారు.

“ఏమయ్యా, ఇంకా అదే పట్టుకుని తిరుగుతున్నావట” అన్నారు. “అక్కడేం ఉండదు. ఉన్నా ఏం కాదు.”

“ఎంతుందో చెప్పండి చాలు.”

“నన్నడుగుతావేంటి? రాసింది నువ్వేగా.”

ఇంకో బెండకాయ విరిచారు. ఆ మాట నిజం. అందుకే అది నా చెవిలోంచి పోవడం లేదు.

నా దగ్గర మీటరు ఉంటే ఇంతమందిని అడిగేవాణ్ణి కాదు. గుంతలోని మీటర్లన్నీ ఆ లారీలోనే పోయాయి. అది కిరాణా కొట్లో దొరికే వస్తువు కాదు. ఎవరినీ కంగారు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఒలికింది ఒక సీసాలో కొంతే. మేస్త్రీలు చెక్కినప్పుడు చాలావరకు ఊడ్పులో పోయి ఉండవచ్చు. ఊడ్చినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. గ్రానైటు కింద అలాగే ఉండవచ్చు. ఏమీ లేకపోవచ్చు. ఉండవచ్చు, లేకపోవచ్చు అనేవి అంకెలు కావు. నేను అంకెలు రాసే పని చేశాను. ఒకటి కొలవకుండా రాశాను. దాన్ని మంచంలో ఉన్న మనిషికి చెప్పాను. ఆయన దాన్ని పట్టుకుని పోయాడు.

కాబట్టి ఇది చదివినవాళ్లలో ఎవరికి అధికారం ఉందో వాళ్లను అడుగుతున్నాను. మీటరు పట్టుకుని ఇరవై రెండు మెట్లు దిగండి. అమ్మవారిని కదపనక్కరలేదు, మంచిరోజు చూడనక్కరలేదు. వరుసలో ఉన్న పిల్లలను పక్కకు జరగమని, ఆ నల్ల పలక మీద ఒక్క నిమిషం పెట్టండి. పదకొండు వస్తే పదకొండని రాయండి, మూడు వందలొస్తే మూడు వందలని రాయండి. ఎంతొచ్చినా ఆ అంకె నాకు చెప్పండి. నేను భాయ్‌తో చెప్పింది అబద్ధమో కాదో నాకు తెలియాలి. నా చిరునామా తొమ్మిది ఉత్తరాల మీదా ఉంది. ఈసారి ముట్టిందని ముద్ర వద్దు. జవాబు ఇవ్వండి.